మలాష్క నేల

కొసోయ్ లోగ్ ఊరి మగవాళ్లకు మంచి నేలకు పేరు పెట్టే తీరిక ఎప్పుడూ లేదు. నల్లనేలను నల్లనేల అని ఊరుకునేవాళ్లు. చెడ్డ నేల కనబడితే మాత్రం వాళ్ల బుర్రలు చురుగ్గా పనిచేసేవి. బండి చక్రాన్ని పట్టుకుంటే వదలని జిగటమట్టికి అత్తగారు అని పేరు. ఎంత పోసినా తాగేసి ఇంకా నోరు తెరిచే ఇసుకకు పాదిరిగారు అని పేరు. ఊరికి ఉత్తరాన పల్లంలో మరో రకం ఉంది. పైన జానెడు బూడిదరంగు, దాని కింద పిండి చల్లినట్టు తెలుపు, ఆ కింద బిగిసిపోయిన ఎర్రమట్టి. మంచు కరిగిన నీళ్లు దానిమీదే నిలిచిపోతాయి. ఆగస్టులో రై అనే ధాన్యం గింజలు చల్లితే కళ్లకద్దుకోవాలనిపించేంత పచ్చగా మొలుస్తాయి, మంచు కిందా బతుకుతాయి, తీరా కంకి వేసే వేళకు పసుపెక్కి కుళ్లిపోతాయి. ఆ నేల పేరు మలాష్క.

మలాష్క అంటే సావెలీ అనే రైతు భార్య మలాన్య. ఆ పేరును ఈసడించి పలికితే మలాష్క అవుతుంది. పెళ్లయిన ఏడేళ్లలో ఆమెకు మూడుసార్లు కడుపొచ్చింది. మూడుసార్లూ ఐదో నెలో ఆరో నెలో దాటలేదు. రెండో కడుపు నిలవని ఏడాది వేసవిలో పంఫీల్ అనే వాగుడుకాయ పల్లంలో పసుపెక్కిన పైరు చూసి, "ఇదీ మన మలాష్కేరా, పచ్చబడుద్ది, నిలబడదు" అన్నాడు. నోరుంది కదా అని అన్న మాట. ఊరు దాన్ని అందిపుచ్చుకుంది. రేపు మలాష్కను దున్నాలిరా అని మగవాళ్లు ఒకరితో ఒకరు అనుకోవడం, పళ్లికిలించడం నెల తిరక్కుండానే మామూలైపోయింది. ఆడవాళ్లు ఆమె ఎదురుగా జాలి ముఖాలు పెట్టేవాళ్లు. ఇంటికి పోయాక వాళ్లూ ఆ మాటే వాడేవాళ్లు, ఆ నేలకు ఇంకో పేరు లేదు కనక. నాలుక అలవాటు పడ్డాక, ఆ మాటలో ఒక మనిషి ఉందని ఎవరికి గుర్తుంటుంది? మలాన్యకు గుర్తుండేది. నీళ్లకు ఆమె ఆ పల్లం పక్కనుంచే వెళ్లాలి.

దాసత్వం రద్దయిన ఇరవై రెండో ఏట, జూన్ నెలలో, పీటర్స్‌బర్గ్ నుంచి అర్సేనీ ల్వోవిచ్ అనే కుర్ర పండితుడు దిగాడు. జిల్లాలో ఏ నేల ఎక్కడుందో పటం గీయాలి, ఏ రకంలో ఎంత సత్తువుందో తేల్చాలి. దాన్నిబట్టి జిల్లా సభ పన్నుకు తరగతులు కడుతుంది. అతను మనిషిలోతు గొయ్యి తీయించి, ఒక గోడను కత్తితో నున్నగా చెక్కి, పొరపొరకూ టేపు పెట్టి కొలిచి, రంగు రాసుకుని, పొరకో సంచి చొప్పున మట్టి ఎత్తేవాడు. అప్పుడు గట్టు మీద నిలబడ్డ రైతుల వంక తిరిగి, దీన్ని మీరేమంటారు అని అడిగేవాడు. నేల పేరు దున్నేవాడి నోటినుంచే తీసుకోవాలని అతని గురువు చెప్పాడట. గురువు మంచివాడే అయ్యుంటాడు. దున్నేవాళ్ల నోళ్ల సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు.

ఊరిపెద్ద నజార్ సావెలీకి సొంత అన్న. అతిథిని తమ్ముడి ఇంట్లో దింపాడు. "అక్కడ పిల్లలు లేరు దొరా, మీ కాగితాలు చింపేవాళ్లుండరు" అని నలుగురి ముందూ చెప్పాడు. నజార్‌కు నలుగురు కొడుకులు. భూమి ఊరుమ్మడిది. పంపకం జరిగినప్పుడల్లా మగప్రాణానికి ఒక వాటా. తమ్ముడికి వారసుడు లేకపోతే ఆ వాటా పొలం పట్టీలు ఎప్పటికైనా తన పిల్లలకే వస్తాయని నజార్ ఎదురుచూడటంలో వింతేమీ లేదు. ఆ ఎదురుచూపును కాస్త దాచుకునే మర్యాదైనా అతనికి లేదు. మరదలు ఎదురైతే ముందు ఆమె నడుము వంక చూసి, ఆ తర్వాతే ముఖం వంక చూసేవాడు.

అప్పటికి మలాన్యకు నాలుగో నెల. మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. గౌను ఇంకాస్త వదులు చేసుకుని తిరుగుతోంది. అతిథికి సంచులు చాలకపోతే నారబట్టతో ఆమే కుట్టి ఇచ్చింది. చదువు రాదు గానీ, ఏ సంచిలో ఏ పొలం మట్టి ఉందో తన కుట్టు చూసి చెప్పేయగలదు.

నాలుగో రోజు గొయ్యి ఉత్తరపు పల్లంలో, సావెలీ పట్టీలోనే తవ్వారు. మలాన్య మట్టికూజాలో రొట్టె పులియబెట్టిన క్వాస్ పానీయం పట్టుకుని వెళ్లేసరికి అర్సేనీ ల్వోవిచ్ గోతిలో మోకాళ్ల మీద కూర్చుని తెల్ల పొరను వేళ్ల మధ్య నలుపుతున్నాడు. పైన పదిమంది మగవాళ్లు. నేల పేరేమిటని అతను అడిగాడు. నజార్ ఆకాశం వంక చూశాడు. పంఫీల్ టోపీ తీసి, గుడిలో నిలబడ్డంత వినయంగా, "మలాష్క అంటామండీ" అన్నాడు.

ఆ పేరు ఎందుకొచ్చిందని అడిగితే, విత్తనం పడుతుందనీ, పచ్చబడుతుందనీ, నిలుపుకోవడమే చేతకాదనీ వివరించాడు. అందరూ విరగబడి నవ్వారు. కూజా పట్టుకుని నిలబడ్డ పెళ్లాన్ని చూస్తూ సావెలీ కూడా నవ్వాడు. నలుగురిలో నవ్వకపోతే ఆ నలుగురూ తనను చూసి నవ్వుతారని అతని భయం. అలాంటి భయస్తుడు పక్కనుంటే శత్రువు వేరే అక్కర్లేదు. అర్సేనీ ల్వోవిచ్‌కు ఆ నవ్వు పట్టలేదు. అతని కళ్లు మెరుస్తున్నాయి. ఏ పుస్తకంలోనూ లేని పేరు దొరికింది. అక్షరం తప్పు పోకూడదని ఇంకోసారి చెప్పమన్నాడు. పదిమందీ కలిసి పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పారు.

సాయంత్రం క్యాబేజీ చారు వడ్డించి, మలాన్య అతని ఎదురుగా నిలబడింది. సావెలీ గుర్రాన్ని కట్టెయ్యడానికి వెళ్లాడు.

"అయ్యగారూ, ఇవ్వాళ రాసుకున్న పేరు కొట్టెయ్యండి."

ఎందుకని అడిగాడు.

"అది నా పేరండీ. నా కడుపు నిలవదని పెట్టారు."

అర్సేనీ ల్వోవిచ్ చెంచా కింద పెట్టాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ ఒక్క నిమిషం అతను మంచి కుర్రాడే. తర్వాత అతని చెయ్యి దానంతటదే నోటుపుస్తకం మీదికి వెళ్లింది. నచ్చజెప్పడం మొదలుపెట్టాడు. నల్లనేల అన్న మాటా ఒకప్పుడు పల్లెమాటే అన్నాడు. తెల్లపొర నేలను బూడిద పేరుతో పిలిచిందీ ఏదో ఊరి రైతులే అన్నాడు. ఇవాళ జర్మనీలో ప్రొఫెసర్లు సైతం ఆ మాటలే పలుకుతున్నారని చెప్పాడు.

"అవి ఏ ఆడదాన్నో ఎక్కిరించి పెట్టిన పేర్లు కావు గదండీ."

"వందేళ్లు పోతే ఇదొక ఆడమనిషి పేరని ఎవరికీ తెలీదమ్మా."

"వందేళ్ల మాట నాకెందుకండీ. నాకిప్పుడు నాలుగో నెల. ఈ మాట ఊళ్లో నోళ్లమీద ఉన్నప్పుడే ఒకడు పోయాడు. కాగితం మీదికెక్కి రాజధానికి పోతే ఇంక ఇది నిలుస్తాదా?"

అలాంటి నమ్మకాలు అర్సేనీ ల్వోవిచ్‌కు లేవు. ఈ ఊరికి రాకముందు రెండు నెలలు జిల్లాలో ఎండలో తిరిగినా పుస్తకాల్లో ఇదివరకే ఉన్నవి తప్ప అతనికి కొత్తది దొరకలేదు. దొరికిన ఒక్కటీ వదులుకోవడం అతని వల్ల కాలేదు. అందుకని పసిపిల్లను సముదాయించినట్టు సముదాయించాడు. పేరులో చెడ్డ లేదు, నేల చెడ్డదైతేనే పేరు చెడ్డదవుతుంది అన్నాడు. ఈ సంచిలోంచి పిడికెడు మట్టి తీసి రసాయనశాలలో కాలుస్తారనీ, ఆమ్లంలో కరిగిస్తారనీ, అందులో పైరుకు పనికొచ్చే తిండి ఎంతుందో తూకం వేసి చూస్తారనీ చెప్పాడు. తిండి దండిగా ఉందని తేలితే మలాష్క అన్నది దేశమంతా గౌరవంగా చెప్పుకునే పేరవుతుంది అని ముగించాడు. ఆమె అడ్డు తప్పుకుంటే చాలునని అన్న మాటలవి. ఆమె మాత్రం ఒక్కొక్క మాటనూ విని దాచుకుంది.

మర్నాడు పొద్దున్నే అతను పక్క ఊరికి గొయ్యి తవ్వించడానికి వెళ్లాడు. ఇంట్లో మలాన్య ఒక్కతే ఉంది. గోడవారగా పేర్చిన సంచుల్లోంచి పల్లపు తెల్లపొర మట్టి సంచి తీసి, కుట్టు విప్పి, పీట మీద గుమ్మరించింది. తెల్లగా, రక్తం లేనట్టుగా ఉంది ఆ మట్టి. దాన్ని చూస్తే ఆమెకు జాలి వేసింది. అత్తారింటికి పంపే పిల్లను ఆకలి కడుపుతో పంపే తల్లి ఎక్కడైనా ఉంటుందా? పొయ్యిలోని బర్చ్ చెట్టు కట్టెల బూడిద పిండి జల్లెడలో జల్లించింది. ఎండిన కోడిరెట్టను రాయి కింద మెత్తగా నూరింది. మట్టిలో పోసి, నీళ్లు చిలకరించి, పిండి పిసికినట్టు పిసికి, పొయ్యి మీద ఆరబెట్టి, మళ్లీ పొడి చేసింది. చేతులతో సంచిలోకి ఎత్తుతూ, "తిను తల్లీ, తిని పో" అంది. ఇంట్లో ఎవరూ లేరు కనక పైకే అంది. పాత రంధ్రాల్లోంచే దారం దూర్చి కుట్టేసింది.

అర్సేనీ ల్వోవిచ్ ఇంకో మూడు వారాలు చుట్టుపక్కల ఊళ్లు తిరిగాడు. ఏడు ఊళ్ల పల్లాల్లో తెల్లపొర కనబడ్డ చోటల్లా పటంలో మలాష్క అని రాసుకున్నాడు. రసాయనశాలలో ఒక్కో సంచి పరీక్షకు రోజులు పడుతుంది. అందుకని ఆ జాతి మొత్తానికీ ఒక సంచి చాలనుకున్నాడు. సావెలీ పట్టీలోంచి ఎత్తిన తెల్లపొర సంచి అది.

నవంబరులో మలాన్యకు మగపిల్లవాడు పుట్టాడు. నెలలు నిండి, గుక్కపట్టి ఏడుస్తూ పుట్టాడు. గ్లేబ్ అని పేరు పెట్టారు. ఊరి ఆడవాళ్లు దేవుడి దయ అన్నారు. మంత్రసాని తన హస్తవాసి అంది. మలాన్యకు అసలు కారణం తెలుసు. ఎక్కడో దూరాన తన పేరుగల మట్టి కడుపునిండా తిని ఉంది, అందుకే తన బిడ్డ నిలిచాడు. ఆమెకు ఇందులో అణువంత సందేహం లేదు. ఆ సంగతి ఎవరికైనా చెబితే కట్టు విప్పినట్టేననీ, పిల్లవాడు దక్కడనీ అంతే గట్టిగా నమ్మింది. మొగుడికి కూడా చెప్పలేదు. జ్ఞానస్నానం నాడు నజార్ వచ్చి, తొట్లోకి తొంగిచూసి, పిల్లవాడు నీరసంగా ఉన్నాడే అన్నాడు. పిల్లవాడు గుమ్మడిపండులా ఉన్నాడు.

మరుసటి వేసవిలో అర్సేనీ ల్వోవిచ్ అచ్చయిన పటం పట్టుకుని వచ్చాడు. కొత్త బూట్లు, కొత్త ఉద్యోగం. పటం బల్లమీద పరిచి, మలాన్యను పిలిచి చూపించాడు. నల్లనేలంతా ముదురు గోధుమరంగు. ఉత్తరపు పల్లాలన్నీ లేత గులాబీ. ఆ గులాబీ రంగు మీద చిన్న అక్షరాలతో ఆమె పేరు. రసాయనశాల లెక్క చూసి తానే బిత్తరపోయాననీ, చూపుకు దరిద్రంగా ఉన్న నేలలో నల్లనేలకు సమానమైన తిండి ఉందనీ, ఇది పెద్ద సంగతని గురువుగారు భుజం తట్టారనీ చెప్పాడు. గురువు భుజం తట్టాక శిష్యుడికి ఇంక అనుమానం ఎక్కడినుంచి వస్తుంది? పుస్తకంలో ఆ భాగం చదివి వినిపించాడు. మలాష్క, మొదటి తరగతి. ఆమె ఆ ముక్క మళ్లీ చదవమంది. మళ్లీ చదివాడు. ఎవరూ నవ్వకుండా ఆ పేరు పైకి వినబడటం ఆమె ఎరిగి అదే మొదలు. గ్లేబ్‌ను చంకనేసుకుని పటం దగ్గరికి తెచ్చి, ఆ గులాబీ రంగు మీద వాడి వేలు పెట్టించింది. ఆ పూట మలాన్య నిజంగా సుఖపడింది. ఆమె బతుకులో అలాంటి పూటలు ఎక్కువ లేవు.

ఆ తర్వాతి వాక్యాన్ని ఆమె పట్టించుకోలేదు. అంత సత్తువున్న నేల పండకపోవడానికి కారణం దున్నేవాడి బద్ధకం, పైపై దున్నకం అని అందులో రాసి ఉంది. నజార్ పట్టించుకున్నాడు. అతను గుమ్మంలో నిలబడి విన్నాడు. నేలను నాలుక మీద వేసుకుని రుచి చెప్పగలిగిన మనిషి అతను, మలాష్క ఏపాటిదో పీటర్స్‌బర్గ్ కంటే అతనికే బాగా తెలుసు. అయినా నోరు మెదపలేదు.

జూలైలో పంపకం సభ జరిగింది. తాతల నాటినుంచి ఊరి రివాజు ఒకటే. ఏ రకం నేలలోనైనా ప్రతి ఇంటికీ ఒక పట్టీ. మంచి అందరిదీ, చెడ్డ అందరిదీ. నజార్ పటం చేతపట్టుకుని లేచాడు. మా తమ్ముడింట్లో ఇప్పుడు రెండు మగప్రాణాలు, వాటా రెట్టింపు కావాలి అన్నాడు. మలాష్కా నల్లనేలా ఒకటేనని చదువుకున్నవాళ్లు తేల్చారు కదా, ముక్కలు ముక్కలుగా కోసుకోవడం దేనికి అన్నాడు.

"పల్లం మొత్తం మా సావెలీకే ఇచ్చేద్దాం. ఇంటికి దగ్గర, మొదటి తరగతి నేల. సొంత తమ్ముడు, వాడికి మంచిది ఇవ్వకపోతే నన్ను దేవుడు క్షమిస్తాడా?"

సభలో ప్రతివాడికీ వదిలించుకోవాల్సిన మలాష్క పట్టీ ఒకటుంది. అందరూ ఒక్కసారే చేతులెత్తారు. సావెలీ నల్లనేల పట్టీలు నాలుగూ నజార్ కొడుకుల వాటాలో కలిశాయి. సావెలీ గొణిగాడు, తర్వాత అరిచాడు. అరిస్తే పీటర్స్‌బర్గ్ పోయి అరుచుకో అన్నారు. మలాన్య గోడ దగ్గర ఆడవాళ్లలో నిలబడి ఉంది. నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చంకలో గ్లేబ్ నిద్రపోతున్నాడు. ఆమె నాలుక వెనక్కి తీసుకుంది.

రెండేళ్లు దున్నారు. లోతుగా దున్నారు, గుర్రం మోకాళ్లు కొట్టుకునేంత లోతుగా. కాలువలు తవ్వారు. రెండేళ్లూ పైరు పచ్చగా మొలిచింది, రెండేళ్లూ జూన్‌లో పసుపెక్కి కుళ్లింది. పన్ను మాత్రం మొదటి తరగతిది. ఆవు పోయింది, తర్వాత గొర్రెలు పోయాయి. ఏడు ఊళ్లలోనూ పల్లపు నేలలున్నది పేదవాళ్లకే కనక, ఆ ఏడు ఊళ్లలోనూ వాళ్లదే ఏడుపు. నారబట్ట అమ్ముకోవడానికి మలాన్య సంతకు వెళితే, మొహమెరగని ఒక పొరుగూరి ఆవిడ బేరం మధ్యలో తన గోడు వెళ్లబోసుకుంది. "ఎవతో మలాష్కంట, దాని పేరెట్టిన నేల మా కొంప ముంచిందమ్మా. అది ఏడ దాక్కుందో గానీ దాని కడుపున పుట్టినోళ్లకి పిడికెడు మెతుకులు దక్కకుండా పోను" అని మెటికలు విరిచింది. మలాన్య బట్ట అక్కడే వదిలేసి, గ్లేబ్‌ను ఎత్తుకుని, ఆరు మైళ్లు ఎక్కడా దింపకుండా ఇల్లు చేరింది.

మూడో శరత్తులో పన్ను బాకీ పడ్డందుకు రైతుల కోర్టు సావెలీని పిలిపించింది. నలుగురు ముసలి పెద్దలు, వాళ్లకు చదివి చెప్పే గుమాస్తా ఒకడు. నేల పండదు బాబూ అని సావెలీ మొరపెట్టుకున్నాడు. గుమాస్తా పుస్తకం తెరిచి, మలాన్య అప్పుడు పట్టించుకోని వాక్యాన్ని పైకి చదివాడు. పెద్దలకు సగం అర్థమైంది, ఆ సగం చాలింది.

"నేల మొదటి తరగతి అని అచ్చులో ఉంది" అన్నాడు గుమాస్తా. "మరి తక్కువ తరగతి ఎక్కడుందంటావ్, సావెలీ?"

సోమరితనానికి ఇరవై దెబ్బల శిక్ష వేశారు. పెద్దలు గడ్డాలు ఊపారు. కొట్టం వెనక బల్ల వేశారు, సావెలీ చొక్కా విప్పి పడుకున్నాడు. ఊరిపెద్ద కనక నజార్ సాక్షిగా నిలబడ్డాడు. మలాన్య గుమ్మంలో నిలబడి గ్లేబ్ ముఖాన్ని తన పొట్టకు అదుముకుంది. మూడేళ్ల పిల్లవాడు. రొట్టె చాలక సన్నబడ్డాడు గానీ బతికున్నాడు. నిజం చెబితే వీడు పోతాడు. చెప్పకపోతే ఆ బెత్తాలు ఆగవు. ఒకటి, రెండు, మూడు. సావెలీ మొదట పళ్లు బిగపట్టాడు, ఐదో దెబ్బకు అరిచాడు, తొమ్మిదో దెబ్బకు అమ్మను పిలిచాడు. పదకొండో దెబ్బ పడ్డాక మలాన్య నోరు తెరిచింది.

"ఆపండి. తప్పు నాది. ఆ సంచి మట్టిలో నేనే బూడిదా కోడిరెట్టా కలిపాను. ఆ నేలలో ఏమీ లేదు."

బెత్తం ఆగింది. గుమాస్తా ఆమెను ఎగాదిగా చూసి నవ్వాడు. పీటర్స్‌బర్గ్ పండితుల కళ్లు కప్పడానికి కోడిరెట్ట సరిపోయిందా అన్నాడు. అయినా ఎందుకైనా మంచిదని నజార్ వైపు తిరిగి, నువ్వు నేల నమిలి చెబుతావట కదా, ఏమంటావ్ అని అడిగాడు.

నజార్ మరదలి ముఖం చూశాడు. ఆమె చెప్పింది నిజమని అతనికి అప్పటికప్పుడే అర్థమైంది. ఇన్నాళ్లూ అంతుపట్టని ముడి విడిపోయినట్టు అతని కనుబొమలు లేచాయి. ఆమె రెండు చేతులూ జోడించింది.

"బావగారూ, మీకు తెలుసు. చెప్పండి."

"కడుపులు పోయిన కాడినుంచీ మా మరదలికి మతి కాస్త అటూ ఇటూగా ఉంటాది బాబూ" అన్నాడు నజార్. "మీరు కానియ్యండి."

మళ్లీ మొదలుపెట్టబోతే ఎన్ని అయ్యాయో ఎవరికీ గుర్తులేదు. కొట్టేవాడు ఎనిమిది అన్నాడు, ఒక పెద్ద పది అన్నాడు. పదకొండు అని మలాన్య అరిచింది. మతి లేనిదాని లెక్క ఎవరికి కావాలి? లెక్కలో తప్పు పోతే పైవాళ్లు ఊరుకోరు, మొదటినుంచీ రానీ అన్నాడు గుమాస్తా. ఒకటి అని కొట్టేవాడు గట్టిగా పలికాడు.

సావెలీని పక్కింటివాళ్ల బండిలో ఇంటికి చేర్చారు. బల్లమీద బోర్లా పడుకోబెట్టి మలాన్య తడిగుడ్డ వీపంతా పరిచింది. గుడ్డ తీసి పిండినప్పుడల్లా కుండలో నీళ్లు ఎర్రబడుతున్నాయి. గ్లేబ్ పొయ్యి పక్కన కూర్చుని ఎండిన రొట్టెముక్క చీకుతున్నాడు. నిజం బయటపెట్టి పూట గడిచింది, వాడికి ఏమీ కాలేదు. అది చూసి ఆమెకు సంతోషం కలగలేదు. ఆ పంపకం సభలోనే చెప్పినా వాడికి ఏమీ అయ్యేది కాదేమో అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది.

సావెలీ బల్లకు ముఖం ఆనించే అడిగాడు.

"ఎంత కలిపావ్?"

"రెండు గుప్పిళ్లు."

అతను మెల్లగా ఊపిరి పీల్చాడు. ఊపిరి పీల్చినా వీపు నొప్పి పుడుతోంది.

"పొలంలో చల్లుంటే రెండు కంకులన్నా వచ్చేవి గదే, మలాష్కా."

పెళ్లయ్యాక సావెలీ ఆమెను ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి. ఆమె ఊఁ అని పలికి, గుడ్డ తడపడానికి లేచింది.